క్లౌడ్ డిజాస్టర్ రికవరీ: కర్నూలు, కడప, అనంతపురం వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

దుకాణాలకు, మిల్లులకు, ఆసుపత్రులకు కంప్యూటర్లు, సర్వర్లు చూసిపెట్టే పని నాది. ఉండేది కర్నూలులో, తిరిగేది మాత్రం ఆదోని, నంద్యాల, కడప, అనంతపురం దాకా. ఎక్కడికి పోయినా ఓనర్లు అడిగేవి దాదాపు ఇవే. ఒక్కొక్కరికీ ఫోన్లో మళ్ళీ మళ్ళీ చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

రోజూ బ్యాకప్ తీస్తూనే ఉన్నాం. మళ్ళీ ఈ డిజాస్టర్ రికవరీ ఎందుకు?

బ్యాకప్ అంటే మీ లెక్కల నకలు ఇంకోచోట ఉండడం. ఆ నకలు పట్టుకుని మళ్ళీ బిల్లు కొట్టే స్థితికి ఎన్ని గంటల్లో వస్తారన్నది డిజాస్టర్ రికవరీ. మేం పొట్టిగా డీఆర్ అంటాం.

ఆదోని వైపు ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి సీజన్ మధ్యలో సర్వర్ పోయింది. బ్యాకప్ హార్డ్‌డిస్క్ చక్కగా ఉంది, ముందురోజు రాత్రి వరకు ఎంట్రీలన్నీ అందులో ఉన్నాయి. కానీ దాన్ని ఎందులో ఎక్కించాలి? కొత్త సర్వర్ హైదరాబాద్ నుంచి రావడానికే రెండు రోజులు. కాటా సాఫ్ట్‌వేర్ వేసిన కుర్రాడు ఉద్యోగం మారి బెంగళూరు వెళ్ళిపోయాడు. సెటప్ ఫైలు అతని పాత ల్యాప్‌టాప్‌లో ఉండిపోయింది. డేటాబేస్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. గేటు బయట లారీలు వరుసగా నిలబడితే, లోపల గుమాస్తా కార్బన్ పేపర్ పెట్టి చేత్తో కాటా చీటీలు రాశాడు. నాలుగో రోజు సాయంత్రానికి గానీ మొదటి బిల్లు ప్రింట్ కాలేదు. ఆ చీటీలన్నీ కంప్యూటర్లో ఎక్కించడానికి ఇంకో వారం పట్టింది. ఒక్క ఎంట్రీ కూడా పోలేదు. అయినా ఆ సీజన్ మాటెత్తితే ఓనరుకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మా ఊళ్ళో అంత పెద్ద ప్రమాదాలు ఏం వస్తాయి అన్నా? కరువు సీమ కదా మనది.

కరువు సీమే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు ఊళ్ళోకి వచ్చినప్పుడు కూడా అది కరువు సీమే. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్ళు కొట్టుకుపోయాయి. 2022 అక్టోబరులో అనంతపురం కాలనీల్లోకి నడిమివంక నీళ్ళు వచ్చాయి. మనకు వాన రాదు, వస్తే ఇట్లా వస్తుంది.

2009లో నేను ఇంకా పని నేర్చుకుంటున్నాను. నీళ్ళు తీశాక పాత ఊళ్ళో ఒక హోల్‌సేల్ దుకాణానికి వెళ్ళాం. సీపీయూ మూత తీస్తే ఫ్యాను రెక్కల మధ్య బురద గట్టిపడి, పొలంలో రేగడి ఎండినట్టు పగుళ్ళు తేలి ఉంది. ఓనరు పెద్దాయన, ‘బ్యాకప్ ఉంది నాయనా’ అని ధైర్యంగానే చెప్పాడు. ఎక్కడుందని అడిగితే అదే టేబుల్ కింది సొరుగు లాగి చూపించాడు. సొరుగులోంచి నీళ్ళు కారాయి.

వరద రోజూ రాదు, నిజమే. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం చిన్నచిన్న కారణాలే: ఏసీ నీళ్ళు సర్వర్ మీద కారడం, ఇన్వర్టర్ దగ్గర షార్ట్ సర్క్యూట్, దొంగలు సీపీయూతో సహా ఎత్తుకుపోవడం, తెలియక తెరిచిన మెయిల్‌తో వచ్చిన రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్). దుకాణం మూతపడే తీరు మాత్రం అన్నింట్లో ఒకటే.

ఆర్‌పీఓ, ఆర్‌టీఓ అని సేల్స్ వాళ్ళు ఏదేదో చెప్తారు. అవి ఏంటి?

ఈ ఆర్‌టీఓ రవాణా ఆఫీసు కాదు, ముందు అది చెప్పాలి. ఒకాయన నిజంగానే, ‘సర్వర్‌కు లైసెన్స్ కూడా తీసుకోవాలా’ అని అడిగాడు.

పాత చిట్టా పుస్తకం గుర్తు తెచ్చుకోండి. పుస్తకం కాలిపోయింది, నకలు నిన్న రాత్రి వరకే ఉంది. అంటే ఇవాళ్టి లెక్క పోయినట్టే. ఎంతసేపటి లెక్క పోయినా తట్టుకోగలరన్నది ఆర్‌పీఓ. నకలు దొరికాక మళ్ళీ గల్లా దగ్గర కూర్చుని వ్యాపారం మొదలుపెట్టడానికి ఎంతసేపు ఆగగలరన్నది ఆర్‌టీఓ. రెండూ గంటల్లోనో నిమిషాల్లోనో చెప్తారు. ఆ అంకె తగ్గేకొద్దీ బిల్లు పెరుగుతుంది.

ఈ అంకెలు సేల్స్ అబ్బాయిని చెప్పనివ్వకండి. ఓనరు కూడా ఒక్కడే చెప్పకూడదు. ఏ ఓనరును అడిగినా, ‘ఒక్క నిమిషం కూడా ఆగకూడదు’ అనే అంటాడు, కొటేషన్ చూశాక ‘రెండు రోజులైనా ఏం కాదులే’ అంటాడు. గుమాస్తాను అడగండి. కర్నూలు యార్డులో ఉల్లిపాయల కమిషన్ దుకాణంలో ఒక గుమాస్తా నాకు చెప్పింది ఇప్పటికీ బాగా పనికొస్తోంది: ‘పొద్దున వేలం నుంచి మధ్యాహ్నం రైతు పట్టీ చేతికిచ్చే వరకు ఆగితే గొడవే సార్. సాయంత్రం నుంచి మళ్ళీ పొద్దుటి దాకా ఆగినా ఎవరూ అడగరు.’ అంటే ఆ దుకాణానికి పగలు రెండు గంటల ఆర్‌టీఓ కావాలి, రాత్రికి పట్టింపు లేదు. దసరా ముందు బట్టల హోల్‌సేల్‌కు లెక్క వేరు, రాత్రీ పగలూ నడిచే నర్సింగ్ హోమ్‌కు వేరు.

మాకు లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ఒక్కటే ఉంది. మేం కూడా తీసుకోవాలా?

అక్కర్లేదు. నా వ్యాపారానికి నష్టమైనా ఇదే చెప్తాను. రెండు మూడు కంప్యూటర్లు, టాలీ, ఒక ప్రింటర్ ఉన్న దుకాణానికి నెలనెలా డీఆర్ సర్వీసు డబ్బు దండగ. మంచి క్లౌడ్ బ్యాకప్ (ఇంటర్నెట్ ద్వారా వేరే ఊరి డేటా సెంటర్లో దాచే కాపీ), ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ సిద్ధంగా ఉంటే చాలు. టాలీ తెరిచి ఉండగా డేటా ఫోల్డర్ కాపీ చేస్తే ఆ కాపీ పాడై ఉండొచ్చు, కాబట్టి టాలీలో కంపెనీ మూసేశాక బ్యాకప్ అయ్యేట్టు టైం పెట్టండి. టాలీ లైసెన్స్ ఆ కంప్యూటర్‌తో ముడిపడి ఉంటుంది. పాత కంప్యూటర్ నీళ్ళపాలైతే కొత్తదాంట్లో మళ్ళీ యాక్టివేట్ చేయాలి. అందుకు సీరియల్ నంబరు, రిజిస్టర్ చేసిన మెయిల్ ఐడీ కావాలి. ఆ మెయిల్ ఐడీ పదేళ్ళ కింద మానేసిన అకౌంటెంట్‌ది అయి ఉంటుంది. ఇవాళే చూసుకోండి.

గూగుల్ డ్రైవ్‌లో పెడితే చాలదా?

ఫైళ్ళకు చాలు. నడుస్తున్న సర్వర్‌కు చాలదు. పైగా ఇక్కడ ఫైలు పాడైతే సింక్ అయ్యి అక్కడా పాడవుతుంది.

సరే, సర్వర్లు ఉన్నాయి. డేటా ఏ ఊళ్ళో పెట్టాలి?

ఇప్పుడు మన దగ్గర్లోనే చాలా ఉన్నాయి. అమెజాన్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లో డేటా సెంటర్లు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ అజూర్‌కు పుణె, చెన్నైలలో, గూగుల్‌కు ముంబై, ఢిల్లీలలో ఉన్నాయి. కర్నూలు నుంచి చూస్తే హైదరాబాద్ ఐనా, చెన్నై ఐనా, ముంబై ఐనా మీ ఊరి వరద అక్కడికి రాదు. అసలు సంగతి వేరు. మీ సాఫ్ట్‌వేర్ ఇప్పటికే హైదరాబాద్ క్లౌడ్‌లో నడుస్తుంటే, డీఆర్ కాపీ కూడా హైదరాబాద్‌లోనే పెట్టకూడదు.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ డేటా సెంటర్ తగలబడింది. ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే భవనంలో ఉన్న కస్టమర్లకు ఏమీ మిగల్లేదు. మా పెద్దాయన సొరుగు, అంతే, కాకపోతే అయిదు అంతస్తుల సొరుగు. కాబట్టి కొటేషన్‌లో ‘వేరే లొకేషన్‌లో ఉంటుంది’ అని రాస్తే ఊరి పేరు రాయించుకోండి.

నెలకు ఎంత అవుతుంది?

ఇది సూటిగా చెప్పలేని ప్రశ్న, అయినా లెక్క ఎట్లా కడతారో తెలిస్తే మోసపోరు. మామూలుగా డీఆర్ సర్వీసు మీ సర్వర్‌లో చిన్న ఏజెంట్ సాఫ్ట్‌వేర్ పెట్టి, డిస్క్‌లో మారిన ప్రతిదాన్నీ క్లౌడ్‌కు పంపుతూ ఉంటుంది. అక్కడ పెద్ద సర్వర్ నడవదు, డిస్క్ కాపీ, దాన్ని అందుకునే చిన్న మెషిన్ మాత్రమే ఉంటాయి. ఇక్కడ మీది పడిపోయిన రోజు బటన్ నొక్కితే అక్కడ అసలు సర్వర్ లేస్తుంది. దాని అద్దె ఆ రోజు నుంచే.

అమెజాన్ ఈ పనికి ఒక్కో సర్వర్‌కు గంటకు 0.028 డాలర్లు తీసుకుంటుంది, అంటే నెలకు 20 డాలర్ల చిల్లర. అజూర్ సైట్ రికవరీలో క్లౌడ్‌కు కాపీ అయ్యే ఒక్కో సర్వర్‌కు నెలకు 25 డాలర్లు, మొదటి 31 రోజులు ఆ ఫీజు ఉండదు. సేల్స్ వాళ్ళు చూపించేది ఈ అంకే. దీని పక్కన డిస్క్ అద్దె వేరుగా వస్తుంది, మధ్యలో నడిచే చిన్న మెషిన్ అద్దె వేరు, పాత కాపీలు ఎన్ని రోజులు దాచాలంటే అంత వేరు, పైన జీఎస్టీ 18 శాతం. చాలాసార్లు సర్వర్ ఫీజు కంటే డిస్క్ బిల్లే ఎక్కువ వస్తుంది. ఎందుకంటే మన సర్వర్లలో సగం డిస్క్ ఎవరో దాచుకున్న పెళ్ళి వీడియోలతో నిండి ఉంటుంది. నేను మొదట చేసే పని అవి తీసేయించడం.

డేటా క్లౌడ్‌లోకి పంపడం ఉచితం, వెనక్కి తెచ్చుకోవడం ఉచితం కాదు. నెలకు మొదటి 100 జీబీ వదిలేసి ఆపైన జీబీ లెక్కన తీసుకుంటారు. సర్వర్ బాగయ్యాక అక్కడినుంచి మళ్ళీ ఇక్కడికి రావడాన్ని ఫెయిల్‌బ్యాక్ అంటారు. దానికి ఎంత పడుతుందో ముందే అడగండి. పోవడం గురించి అందరూ మాట్లాడతారు, తిరిగి రావడం గురించి కొటేషన్‌లో ఒక్క లైను ఉండదు.

మా ఇంటర్నెట్‌కు అంత శక్తి ఉందా?

కాగితం మీద చూసుకోండి. 500 జీబీ డేటా, అప్‌లోడ్ స్పీడ్ 20 ఎంబీపీఎస్ అయితే మొదటి కాపీకి నిరంతరాయంగా 55 గంటలు పడుతుంది. శనివారం రాత్రి మొదలుపెడితే మంగళవారం తెల్లవారుజాముకు అవుతుంది. అది ఒక్కసారే. ఆ తర్వాత రోజుకు 5 జీబీ మార్పులైతే అరగంట పని. ప్లాన్ మీద రాసే 100 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్‌ది కావచ్చు, అప్‌లోడ్ ఎంతో టెస్ట్ చేసి చూడండి.

రెండు లైన్లు ఉండాలి, వేర్వేరు కంపెనీలవి. మన రోడ్లు ఎప్పుడు ఎవరు తవ్వుతారో చెప్పలేం. ఒక కేబుల్ తెగితే ఇంకొకటి ఉంటుంది, రెండూ ఒకే స్తంభం మీద నుంచి రాకపోతే. ఇది నవ్వులాటకు అనడం లేదు, బయటికి వెళ్ళి తల ఎత్తి చూడండి.

రాన్సమ్‌వేర్ వస్తే డీఆర్ కాపాడుతుందా?

ఎట్లా పెట్టారన్నదాన్ని బట్టి. ఇక్కడి డిస్క్‌లో జరిగే ప్రతి మార్పూ అక్కడికి పోతుందన్నాను కదా, వైరస్ మీ ఫైళ్ళకు తాళం వేస్తే ఆ తాళం కూడా నమ్మకంగా కాపీ అవుతుంది. కొన్ని నిమిషాల్లో మీకు రెండు చోట్లా పనికిరాని సర్వర్లు ఉంటాయి. అందుకే నిన్నటికి, మొన్నటికి, పోయిన వారానికి వెనక్కి వెళ్ళే వీలు ఉండాలి. కొన్ని కాపీలనైనా గడువు తీరేదాకా అడ్మిన్ కూడా చెరపలేకుండా తాళం వేయించాలి. దీన్ని ఇమ్యూటబుల్ కాపీ అంటారు. సర్వీసు ఏదైనా ఇది లేకపోతే నేను తీసుకోవద్దనే చెప్తాను.

డీఆర్ అకౌంటు పాస్‌వర్డ్ ఆఫీసు పాస్‌వర్డ్‌తో కలవకూడదు. ఆఫీసు కంప్యూటర్లోకి దూరినవాడు అక్కడి బ్రౌజర్లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌తో క్లౌడ్‌లోకి కూడా పోతే, తాళం చెవిని బీరువాకే వేలాడదీసినట్టు.

2017 జూన్‌లో నోట్‌పెట్యా అనే వైరస్ మెర్స్క్ షిప్పింగ్ కంపెనీ కంప్యూటర్లను ప్రపంచమంతా పడగొట్టింది. వాళ్ళ యూజర్లందరి వివరాలుండే సర్వర్లు ఒకదానికొకటి కాపీ అవుతుంటాయి కాబట్టి అన్నీ ఒకేసారి పోయాయి, ఒక్కటి తప్ప. ఆఫ్రికాలో ఘనా ఆఫీసులో ఆ సమయానికి కరెంటు పోయి సర్వర్ ఆగిపోయి ఉండడంతో అది బతికింది. దానితోనే మొత్తం మళ్ళీ లేపుకున్నారు. కరెంటు కోతకు దండం పెట్టిన కంపెనీ అదొక్కటే అయ్యుంటుంది.

మాది ఆసుపత్రి. ప్రత్యేకంగా ఏమైనా చూసుకోవాలా?

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగి, దాదాపు రెండు వారాలు ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా చేత్తో రాశారు. అంత పెద్ద ఆసుపత్రికే అట్లా అయింది. మీ దగ్గర ముందుగా చేయాల్సింది సాఫ్ట్‌వేర్ పని కాదు. సిస్టమ్ లేని రోజు ఓపీ, ఫార్మసీ, ల్యాబ్ ఎట్లా నడపాలో ముద్రించిన ఫారాలతో ఒక కట్ట రిసెప్షన్‌లో పెట్టండి. అనంతపురంలో ఒక ల్యాబ్‌లో చూశాను: బిల్లింగ్ క్లౌడ్‌లో లేచింది, కానీ రక్తపరీక్ష మెషిన్ మాత్రం పాత సర్వర్ ఐపీ అడ్రస్‌కే రిజల్టులు పంపుతూ కూర్చుంది. మెషిన్ ఇంజనీరు వచ్చేదాకా టెక్నీషియన్ ఫలితాలు చూసి చూసి టైప్ చేశాడు. ఇలాంటి మెషిన్లు ఎన్ని ఉన్నాయో జాబితా రాసుకోండి.

పేషెంట్ల వివరాలు వ్యక్తిగత డేటా కిందికి వస్తాయి. వాటికి తగిన భద్రత పెట్టకపోతే 2023 డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది.

చట్టప్రకారం ఏమైనా తప్పనిసరా?

జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. వరదలో పోయాయంటే నోటీసు ఆగదు. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే, ఎలక్ట్రానిక్‌గా ఉంచే లెక్కల బ్యాకప్ రోజూ భారతదేశంలో ఉన్న సర్వర్‌కు వెళ్ళాలని 2022 ఆగస్టులో రూల్ మార్చారు. సొంత పేరు మీద నడిపే దుకాణాలకు, భాగస్వామ్య సంస్థలకు ఆ రూల్ లేదు. సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలి, ఇది 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశం. ఆ ఆరు గంటల్లో మీరు సర్వర్ చుట్టూ తిరుగుతుంటారు కాబట్టి, ఆ మెయిల్ ఎవరు పెట్టాలో ముందే అనుకోండి. మిగతాది మీ ఆడిటర్‌ను అడగండి, నేను చట్టం చదివినవాణ్ణి కాదు.

సర్వీసు ఇచ్చేవాళ్ళను ఏం అడిగితే నిజం తెలుస్తుంది?

‘మీ కస్టమర్ సర్వర్ ఒకటి ఆఖరిసారిగా ఎప్పుడు క్లౌడ్‌లో లేపి చూపించారు? ఎన్ని నిమిషాలు పట్టింది?’ అని అడగండి. బ్రోచర్ తీస్తే జవాబు లేనట్టే. తేదీ, నిమిషాలు చెప్పి, ఫలానాది లేవలేదని కూడా ఒప్పుకునేవాణ్ణి నేను నమ్ముతాను.

గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ చెరిపేశాడు. అయిదు రకాల బ్యాకప్ పద్ధతులు ఉన్నాయి, సమయానికి ఏదీ సరిగా పని చేయలేదు. ఎవరో ఆరు గంటల కింద చేత్తో తీసిపెట్టిన కాపీతో బయటపడ్డారు. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళకే అట్లా అయితే మనం రోజూ ‘బ్యాకప్ సక్సెస్’ అనే మెయిల్ చూసి నిద్రపోవడం ఎంతవరకు సబబు?

రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారా అన్నది కూడా అడగండి. టెన్షన్‌లో ఉన్న మనిషికి టికెట్ నంబరు కంటే మాట కావాలి.

డ్రిల్ తప్పనిసరా? ఎట్లా చేయాలి?

తప్పనిసరి. డ్రిల్ అంటే సర్వర్ పోయిందనుకుని క్లౌడ్‌లో లేపి చూసే రిహార్సల్. ఆర్నెల్లకొకసారి, దుకాణం సెలవు రోజున. అసలు సర్వర్‌ను ముట్టుకోకుండా క్లౌడ్‌లో విడిగా లేపి చూసుకునే వీలు మంచి సర్వీసులన్నింట్లో ఉంటుంది. ఆ రోజు నడిచిన గంటల అద్దె మాత్రం పడుతుంది. సర్వర్ లేచింది అని స్క్రీన్ మీద చూసి చప్పట్లు కొట్టొద్దు. రోజూ బిల్లు కొట్టే మనిషినే కూర్చోబెట్టి, ఇంటి నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌తో లాగిన్ చేయించి, ఒక బిల్లు, ఒక ఈ-వే బిల్లు చేయించండి.

పోయిన ఏడు కడపలో ఒక పసుపు వ్యాపారి దగ్గర ఇట్లాగే ఆదివారం డ్రిల్ పెట్టాం. సర్వర్ 25 నిమిషాల్లో లేచింది. గుమాస్తా ఇంటి నుంచి లాగిన్ అయ్యాడు, పాత బాకీలన్నీ సరిగ్గా కనిపించాయి, మేం టీ తెప్పించుకున్నాం. ఈ-వే బిల్లు పోర్టల్ దగ్గర ఓటీపీ అడిగింది. ఆ నంబరు ఎవరిదని అడిగితే ఓనరు కొడుకుదన్నారు. ఆయన ప్రొద్దుటూరులో పెళ్ళిలో ఉన్నాడు, మేళాల మధ్య ఫోన్ వినపడలేదు. రెండు గంటల తర్వాత భోజనాలయ్యాక ఫోన్ చేసి, ‘ఏందప్పా, పదిహేను మిస్డ్ కాల్స్?’ అన్నాడు. డ్రిల్ రిపోర్టులో ఆర్‌టీఓ అన్న చోట 25 నిమిషాలు కొట్టేసి, 2 గంటల 40 నిమిషాలు అని రాశాను. ఇప్పుడు ఆ ఓటీపీ సిమ్ దుకాణం పేరు మీద ఉంది. ఫోన్ గుమాస్తా ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంటుంది.